పాచిని చదివిన ఆచార్యులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు విషయమును నా యిష్టమునకే విడిచిపెట్టిరి. ఇట్టి సందర్భములలో మహాకవులనుగూర్చియో, దేశనాయకులనుగూర్చియో చెప్పుట వాడుక. నేను పాచినిగూర్చి చెప్పదలచితిని. పాచి యనగా మీరనుకొనునదియే: చెరువు రేవులో కాలు జార్చు పాకుడు, కోనేటిపై తేలు నాచు, వానకాలమున గోడలకు పట్టు పచ్చదనము. దానిని మనము గీకి పారవేయుదుము. ఒక మహనీయుడు దానిని గీకి సీసాలో పెట్టి, ఇంటికి గొనిపోయి, నాలుగు దశాబ్దములకు పైగా సూక్ష్మదర్శినిక్రింద చూచుచు కూర్చుండెను. ఆయన కథయే నేటి నా ఉపన్యాసము.

ఆయన పేరు మండయం ఓసూరి పార్థసారథి అయ్యంగారు. శాస్త్రలోకమున ఎం.ఓ.పి. అయ్యంగారని ప్రసిద్ధులు. 1886లో మద్రాసు నగరమున జన్మించిరి. అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, పిదప ఆ కళాశాలలోనే వృక్షశాస్త్రమును బోధించి, మద్రాసు విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర పరిశోధనాలయమునకు అధిపతులై, 1963లో కన్నుమూసిరి. ఆ కాలమున, 1953 వరకు, మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రభుత్వము క్రిందనే యుండెను గనుక మనవారిలో పలువురు పై చదువులకు ఆ నగరమునకే పోయెడివారు. ఉద్యోగముల పట్టిక ఇంతటితో చాలును. ఆయన జీవితము నీటి గుంటలలో గడచినది. కథయంతయు అక్కడనే యున్నది.

ముందుగా నాచు సంగతి. దీనికి వేరు లేదు, కాండము లేదు, ఆకు లేదు, పువ్వు లేదు. అయినను సూర్యరశ్మిని పట్టి, నీటితోను బొగ్గుపులుసు వాయువుతోను తన యాహారమును తానే వండుకొనును. ఆ వంటలో ప్రాణవాయువును వెలువరించును. ఒక్క కణముతోనే బ్రతుకు ముగించునవి కొన్ని, దారములై పెరుగునవి కొన్ని, బంతులై దొరలునవి కొన్ని. భూమిని చుట్టుకొనియున్న గాలిలో ప్రాణవాయువు నిలువజొచ్చినది సుమారు 240 కోట్ల సంవత్సరములకు పూర్వము. ఆ పని చేసినవి నీలహరిత శైవలములని మనము పిలుచు సూక్ష్మజీవుల పూర్వులు. ఇవి బాక్టీరియాల వంశమునకు చెందినవని నేటి నిర్ణయము. పాత పేరు మాత్రము వాడుకలో నిలిచియున్నది.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. వరిలో ఎన్ని రకములున్నవో అన్నింటికిని పేర్లు పెట్టిన రైతు మనవాడు. గడ్డిలో, చేపలో, ఎద్దు కొమ్ములో కూడ తేడాలు కనిపెట్టి పేర్లు పెట్టెను. నాచుకు వచ్చుసరికి నాచు, పాచి, పాకుడు అను మూడు మాటలు, పండితులు చేర్చిన శైవలము అను మరియొక మాట, అంతే. ఇది మన భాషకు కొరత యని నే ననను. కంటికి విడివిడిగా కనబడనిదానికి ఎవరు పేరు పెట్టగలరు?

పేర్లు పెట్టినవారు మొదట ఇతర దేశములవారు. ఈ దేశపు మంచినీటి శైవలములపై టర్నరు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు రచించిన పెద్ద గ్రంథమును 1892లో స్వీడను దేశపు విజ్ఞాన పరిషత్తువారు అచ్చువేసిరి. మన చెరువుల పాచినిగూర్చి తెలియవలెనన్నచో స్టాక్‌హోములో అచ్చయిన పుస్తకమును తెప్పించుకొనవలసిన స్థితి. వారి శ్రమను తక్కువ చేయను. కాని సీసాలో మందునీటిలో నిలువచేసి ఓడపై పంపిన నాచు, పెండ్లి ముగిసిన పందిరి వంటిది. గుంజలు కనబడును, తోరణములు కనబడును. పెండ్లి ఎట్లు జరిగెనో ఆ పందిరి చెప్పజాలదు. పచ్చని రంగు పోవును, కదలిక పోవును, ఏది పిల్లయో ఏది తల్లియో తెలియకపోవును.

అయ్యంగారు పట్టినది ఈ లోపమునే. ఆయన నాచును సజీవముగా చూచెను. వాన పడిన పిమ్మట నిండిన గుంట ఎన్ని దినములకు పచ్చబారును, ఏ నాచు ముందు వచ్చును, ఏది వెనుక వచ్చును, నీరు ఇంకుచున్నపుడు అది తనను తాను ఎట్లు కాపాడుకొనును అను ప్రశ్నలకు సమాధానము గుంట ప్రక్కన నున్నవానికే దొరకును. ఉష్ణదేశపు వానగుంట రెండు మూడు నెలలకంటె నిలువదు. ఆ కొద్ది కాలములో పుట్టి, పెరిగి, సంతతిని నిలిపి పోవలెను. శీతలదేశపు సరస్సులను చూచి వ్రాసిన పుస్తకములలో ఈ తొందరపాటు కథ లేదు.

వాల్వాక్స్ అను నాచుపై ఆయనకు మిక్కిలి మక్కువ. హాలండుదేశపు లీవెన్‌హుక్ 1700లోనే తాను స్వయముగా చేసికొన్న కటకముతో దీనిని చూచి ఆశ్చర్యపడెను. ఇది ఆవగింజకంటె చిన్నదగు పచ్చని బంతి. ఆ బంతి గోడయందు వందలు, ఒక్కొక్కపుడు వేలకొలది కణములు వరుసదీరి యుండును. ఒక్కొక్క కణమునకు కొరడా వంటి తోకలు రెండేసి. అవి యన్నియు ఒక్కుమ్మడిగా కొట్టుకొనుటచేత బంతి దొరలుచు వెలుతురు వైపునకు సాగిపోవును. బంతి కడుపులో మరికొన్ని చిన్న బంతులు; ఇవి దాని పిల్లలు.

ఇచ్చట నొక వింత. ఈ పిల్లబంతులు పెరుగునపుడు లోపలివైపు బయటికి, బయటివైపు లోపలికి ఉండును. తోకలు లోపలికి తిరిగియున్న బంతి ఈదుట ఎట్లు? తగిన సమయము వచ్చినపుడు దానిలో నొక చిన్న రంధ్రమేర్పడును. ఆ రంధ్రముగుండ పిల్లబంతి, మనము సంచిని తిరగదీసినట్లు, తన్నుతాను తిరగవేసికొనును. అప్పుడు తోకలు బయటికి వచ్చును. పిమ్మట తల్లిబంతి పగులును, పిల్లలు ఈదుకొనిపోవును, తల్లి నశించును. ఒక్క కణముతో బ్రతుకు జీవికి ముసలితనము లేదు. అది రెండుగా చీలి, రెండును పిల్లలే యగును. వాల్వాక్సులో మాత్రము కొన్ని కణములు సంతతికి, తక్కినవి ఈదుటకును అని పని పంచుకొన్నవి. ఈదు కణములకు చావు తప్పదు. వేదాంతము వినుటకు వచ్చిన పెద్దలు ఈ సభలో నున్నచో దీనినిగూర్చి నాకంటె బాగుగా ఆలోచింపగలరు.

నీరు తగ్గునపుడు వాల్వాక్సులో స్త్రీ పురుష బీజములు కలిసి, దట్టమైన పెంకు గల ఎఱ్ఱని గింజలవంటి బీజములేర్పడును. అవి గుంట అడుగున ఎండిన బురదలో వేసవి యంతయు పడియుండి మరల వానకు మేల్కొనును. దక్షిణ భారతదేశమున దొరకు ఈ జాతి నాచులనుగూర్చి అయ్యంగారు వ్రాసిన దీర్ఘవ్యాసమును 1933లో లండనులోని లిన్నియన్ సొసైటీవారి పత్రిక ప్రకటించెను.

ఆ కాలమున లోకమునందెల్ల శైవలశాస్త్రమునకు పెద్దదిక్కు ఫీలిక్స్ యూజీన్ ఫ్రిష్. ఈయన లండనులో, తరువాత క్వీన్ మేరీ కళాశాల యని పేరొందిన విద్యాలయమున ఆచార్యులు. 1935లోను, 1945లోను రెండు సంపుటములుగా వెలువడిన ఈయన మహాగ్రంథము నేటికిని ఈ శాస్త్రము చదువువారికి శరణ్యము. 1930లో అయ్యంగారు నలుబది దాటిన వయస్సున, తాను ఆచార్య పదవిలో నుండియు, మరల విద్యార్థియై ఈయనయొద్దకు పోయి పరిశోధన చేసిరి. మన ఊళ్లలో పదవ తరగతి తప్పినవాడు మరల పరీక్షకు పోవుటకు సిగ్గుపడుచుండును. ఈ సంగతిని వానికి చెప్పవలెను.

గురువునకు శిష్యుడు చెల్లించిన దక్షిణయు నాచే. 1932లో అయ్యంగారు ఒక క్రొత్త శైవలమును లోకమునకు తెలిపి, దానికి ఫ్రిషియెల్లా ట్యూబరోసా యని గురువుగారి పేరు పెట్టిరి. ఇది నీటిలో తేలునది కాదు. ఎండుచున్న గుంటల చెమ్మగల ఒండ్రుమట్టిలో పెరుగునది. మీరు తుంగను ఎరుగుదురు. పైన గడ్డి, నేలలో గడ్డ. పై గడ్డిని ఎన్నిసార్లు పీకినను గడ్డ చావదు. ఈ నాచును కంటికి కనబడనంతటి చిన్న తుంగగా భావింపుడు. మట్టి లోపల గడ్డలవంటి కణముల ముద్దలు, వానినుండి క్రిందికి నులివేరువంటి తంతువు, పైకి మట్టిని చీల్చుకొని వచ్చు సన్నని కొమ్మలు. నేల యెండినపుడు కొమ్మలు పోవును. గడ్డ నిలిచి వాన కొరకు వేచియుండును.

ఇది శాస్త్రలోకమును కదిలించినది. ఏలయనగా నేలపై నేడు కనబడు చెట్టు చేమలన్నియు ఒకనాడు నీటినుండి గట్టెక్కిన ఏదియో పచ్చని నాచుయొక్క సంతతియే. ఆ గట్టెక్కినది ఎట్టిదై యుండును? కొంత ప్రాకునదియు, కొంత నిటారుగా లేచునదియు నగు దేహము గలదై యుండునని ఫ్రిష్ యొక్క అభిప్రాయము. సరిగా అట్టి దేహముతో, నేలలో నులివేరు దించి, గాలిలోనికి కొమ్మ చాచి, ఫ్రిషియెల్లా కనబడెను. కళాశాలలో వృక్షశాస్త్రము చదివినవారు ఈ నాచు బొమ్మను గీసియే యుందురు.

తరువాతి చరిత్రనుగూడ చెప్పకున్న అన్యాయమగును. 1970 తరువాత కణములు చీలు తీరును ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరిశీలించియు, పిదప జన్యువులను పోల్చి చూచియు శాస్త్రజ్ఞులు ఆ వంశవృక్షమును తిరిగి వ్రాసిరి. నేలమొక్కలకు దగ్గర చుట్టము ఫ్రిషియెల్లా కాదని తేలినది. అది వేరొక శాఖకు చెందినదై, నేలపై బ్రతుకవలసిన అవసరముచేత మొక్కలవంటి పోలికను స్వతంత్రముగా సంపాదించినది. మరి నిజమైన దగ్గర చుట్టమేది? చెరువులో ఈదు పిల్లవాని చేతికి పట్టుదారములవలె జిగటగా చుట్టుకొను నాచు కలదే, స్పైరోగైరా, అదియు దాని జాతివారును! వేపచెట్టునకును, వరికంకికిని జ్ఞాతి యగునది మనము పీకి గట్టున పారవేయు ఆ జిగట దారమే. అయ్యంగారు చూచినది చూచినట్లే నేటికిని నిజము. దానిపై నల్లిన బంధుత్వము మాత్రము మారినది.

ఆ స్పైరోగైరా వంశమునుగూర్చి ఈ దేశమున 1959లో పెద్ద గ్రంథము వ్రాసినవారు కళాశాలలో ఆచార్యులు కారు, ఐ.సి.యస్. ఉద్యోగియైన ఎం.ఎస్. రంధావా. జిల్లాల పరిపాలన చేయుచునే గుంటలలో నాచు నేరినవారు. అదే 1959లో అయ్యంగారి శిష్యులు టి.వి. దేశికాచారి నీలహరిత శైవలములపై సుమారు 700 పుటల గ్రంథమును వెలువరించిరి. మరియొక శిష్యులు రామనాథన్ గారి గ్రంథము 1964లో వచ్చినది. వీనిని ప్రచురించినది భారత వ్యవసాయ పరిశోధన మండలి. పాచిపై పుస్తకములకు వ్యవసాయ మండలి డబ్బు ఖర్చు పెట్టుట ఎందులకని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. సమాధానము మీ వరిమడిలోనే యున్నది.

వరిపొలమునకు ఎరువు వేయకున్నను ఏటేట కొంత పంట వచ్చుచునే యుండును. ఇది ఎట్లని చాలకాలము ఎవరికిని తెలియలేదు. పి.కె. డే అను బెంగాలు శాస్త్రజ్ఞులు 1938లో ఆ ఫ్రిష్ గారితోనే కలిసియు, 1939లో తాము విడిగాను వ్యాసములు ప్రకటించి, మడిలో నిలిచిన నీటియందలి నీలహరిత శైవలములు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేర్చుచున్నవని చూపిరి. ఈ జాతిలో కొన్ని పూసలదండవలె నుండును. దండలో నడుమ నడుమ మందపు గోడ గల పెద్ద పూస యొకటి యుండును. నత్రజనిని పట్టు పని జరుగునది ఆ పూసలోనే. ప్రాణవాయువు తగిలినచో ఆ పని చెడును గనుక గదికి తలుపులు గట్టిగా మూసికొన్నట్లు అది గోడను మందము చేసికొనును. అనుకూల పరిస్థితులలో ఒక పంటకాలమున హెక్టారునకు 20, 30 కిలోల వరకు నత్రజని ఈ విధముగా చేరునని అంచనా. 45 కిలోల యూరియా బస్తాలో నుండు నత్రజని సుమారు 20 కిలోలు. లెక్క మీరే వేసికొనవచ్చును. పాచియే చాలును, యూరియా అక్కరలేదని నేను చెప్పుట లేదు. నేటి వంగడములకు అది చాలదు. కాని యూరియాను అతిగా చల్లిన మడిలో ఈ నాచు తన పనిని మానుకొనునని మాత్రము తెలిసికొనుడు. కాశీ విశ్వవిద్యాలయమున ఆర్.ఎన్. సింగు గారు గట్లు కట్టి వాననీటిని నిలిపి, ఇదే నాచును పెంచి, చౌడు నేలలను బాగుచేయవచ్చునని 1950లో ప్రకటించిరి.

మంచి చెప్పిన నోటితో చెడ్డయు చెప్పవలెను. ఊరి మురుగు, పొలములనుండి కొట్టుకొనివచ్చిన ఎరువు చేరిన చెరువులో వేసవియందు నీటిపై పచ్చరంగు పోసినట్లు దట్టముగా తెట్టు కట్టును. పగలు ప్రాణవాయువు నిచ్చు ఆ నాచే రాత్రి దానిని వాడుకొనును. అందుచేతనే తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండును. కొన్నిసార్లు వెల్లకిల పడును. అట్టి తెట్టులో విషమును తయారుచేయు రకములును కలవు. ఆ నీటిని పశువులకు త్రాగింపరాదు. కాచినంత మాత్రమున ఆ విషము విరుగదు గనుక మనుష్యులు కాచి త్రాగవచ్చుననుకొనుటయు ప్రమాదమే. చేపల చెరువులు విస్తరించిన మన జిల్లాలలో ఏ తెట్టు ఏ జాతిదో గుర్తింపగల మనిషి మండలమునకు ఒక్కడైన నుండుట అవసరమని నా యభిప్రాయము. గుర్తించుటకు వాడుకొను మొదటి పుస్తకములు నేటికిని అయ్యంగారి శిష్యపరంపర వ్రాసినవే.

అయ్యంగారు చివరివరకు పని చేసిరి. 1936లో పారునీటిలో దొరకిన మరియొక క్రొత్త నాచునకు కారాసియోసైఫన్ అని పేరిడిరి. సముద్రపు నాచు కొరకు రామేశ్వరము దాపుననున్న క్రుసడై దీవికి పోయిరి. 1962లో భారత శైవలశాస్త్ర సంఘము ఏర్పడినపుడు దానికి మొదటి అధ్యక్షులు వారే. సంఘపు పత్రికకు ఫైకోస్ అని పేరు. గ్రీకు భాషలో సముద్రపు నాచు అని అర్థము. మరుసటి యేడు ఆయన గతించిరి. ఆయన జీవితమంతయు వెచ్చించిన వాల్వాక్సు వంశముపై గ్రంథము అప్పటికి అచ్చుకాలేదు. దేశికాచారిగారు దానిని పూర్తిచేసి గురువుగారి పేరును ముందుంచి 1981లో వెలువరించిరి. గురువు పోయిన 18 సంవత్సరములకు! కొడుకు తండ్రి అప్పు తీర్చుట చూచితిమి. శిష్యుడు గురువు పుస్తకమును ఇన్నేండ్లకు తీర్చుట అరుదు.

ఆ గ్రంథమును తెరచినచో ఒక్కొక్క నాచు వర్ణన క్రింద అది దొరకిన చోటు వ్రాసియుండును. శాస్త్రమున అది నియమము. మద్రాసు చుట్టుపట్ల నాడు వాననీరు నిలిచిన పల్లములలో ఎన్నియో నేడు ఇండ్లస్థలములైనవి. పుస్తకములో బొమ్మ మిగులును, గుంట మిగులదు. మన ఊరి చెరువులో ఏ నాచులున్నవో ఇంతవరకు ఎవరును వ్రాయలేదు. పూడ్చివేసిన పిమ్మట వ్రాయుటకు వీలుండదు.

కావున ఇచ్చటికి వచ్చిన బడిపిల్లలకు ఒక పని చెప్పి నా యుపన్యాసమును ముగింతును. తొలకరి వానలు పడి గుంటలు నిండిన రెండు మూడు వారములకు, నీరు కలక తేరి లేత పచ్చగా కనబడినపుడు, వెడల్పు మూతి గల గాజుసీసాతో ఉదయముననే కొంత నీరు తెచ్చుకొనుడు. లోతునకు దిగవలదు, గట్టునుండియే ముంచుడు. సీసాను నిండుగా నింపక, మూత బిగింపక, ఎండ నేరుగా తగులని కిటికీ యొద్ద ఉంచుడు. ఒక గంట కదల్పక ఆగుడు. పిదప వెలుతురువైపు గాజును భూతద్దముతో చూడుడు. ఇసుకరేణువంత పచ్చని చుక్కలు కొన్ని ఆ వైపునకు చేరి, పడిపోక, నిదానముగా దొరలుచు కనబడినచో, అవి వాల్వాక్సులు కావచ్చును. చూచిన తేదీని, గుంట యున్న చోటును ఒక కాగితముపై వ్రాసి మన గ్రంథాలయమున ఇయ్యుడు. దానికి ఒక పుస్తకము వేయుటకు గ్రంథపాలకులు అంగీకరించియున్నారు.